సవరించిన గొంతు

మనిషి గొంతు సవరించుకోవడం మీద ఎవరైనా పుస్తకం రాశారేమోనని చాలా గ్రంథాలయాల్లో వెతికాను. కనపడలేదు. రాయదగ్గ సంగతే అది. మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు ఎవరింటికి వెళ్ళినా గుమ్మం అవతల ఆగి ఒకసారి గొంతు సవరించుకునేవారు. తలుపు తట్టడం కింద లెక్క. లోపల ఆడవాళ్ళు పైట సర్దుకునేవారు, పిల్లలు పేకముక్కలు దాచేవారు. వచ్చిందెవరో మొహం చూడకుండానే తెలిసిపోయేది, ఎందుకంటే ఒక్కొక్కరిది ఒక్కో సవరింపు. దేశం నాలుగు మూలలా తిరిగాను. ఈ మర్యాద చాలాచోట్ల ఉంది గానీ, మన మాటలో ఉన్న ఇరకాటం మాత్రం ఇంకెక్కడా తగల్లేదు. రాసినదాంట్లో తప్పు తీసేయడాన్ని కూడా మనం సవరించడమే అంటాం. ఈ రెండు సవరణల మధ్య ఒక ఆడపిల్ల ఎలా చిక్కుకుపోయిందో చెప్పాలనే ఇదంతా ఎత్తుకున్నాను.

ఆ పిల్ల పేరు రూబీ. కొల్లేటి లంక ఊళ్ళలో ఒకదాని పిల్ల. ఏలూరు నుంచి దక్షిణంగా పోయే రోడ్డు చేపల చెరువుల మధ్య సన్నబడి సన్నబడి, ఇది రోడ్డా చెరువు గట్టా అని అనుమానం వచ్చే చోట వాళ్ళ ఊరు. తల్లి పాపమ్మ చెరువుకి మేత కడుతుంది. తవుడు సంచులకి చిల్లులు పొడిచి నీళ్ళలో గుంజలకి వేలాడదీస్తే, బొచ్చెలూ శీలావతులూ వచ్చి మూతులానించి పీల్చుకు తింటాయి. తండ్రి కృపానందం అదే చెరువుకి కాపలా. కాపలా అంటే దొంగల కోసం కాదు, పక్షుల కోసం. గూడకొంగ ఒక్కసారి దిగిందంటే పెద్ద చేపని ముక్కు కింద సంచిలో వేసుకుని మరీ లేస్తుంది. నీటికాకులైతే గుంపుగా వచ్చి పడతాయి. అందుకని కృపానందం తెల్లారింది మొదలు గట్టు మీద తిరుగుతూ, చుట్ట కాలుస్తూ, అరుస్తూ ఉండేవాడు. ఇరవై రెండేళ్ళు అరిచాడు.

పక్షుల మీద అంత గొంతు పెట్టే మనిషి మనుషుల దగ్గర నోరు విప్పేవాడు కాదు. ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం, అంటే దేవుడు తనకి చేసిన మేలు, చెప్పమని పాస్టరుగారు అడిగేవారు. ముగ్గురు పాస్టర్లు మారారు, ముగ్గురూ అడిగారు. కృపానందం చివరి చాప మీద కూర్చుని, తన వంతు వచ్చేసరికి గొంతు సవరించుకుని తల దించుకునేవాడు. "అయిపోయిందండీ కృపానందం సాక్ష్యం, ఆమెన్" అని పక్కవాళ్ళ వేళాకోళం.

రూబీ బిడియం ఆ తండ్రి దగ్గర తెచ్చుకున్నదే. తాడేపల్లిగూడెంలో పిన్ని ఇంట్లో ఉండి డిగ్రీ చదివింది. హాజరు పిలిస్తే "ప్రెజెంట్" అనేది గానీ అది లెక్చరర్‌కి వినపడేది కాదట. కాలేజీకి వచ్చి కూడా ఆబ్సెంట్ వేయించుకున్న పిల్ల. ఒక్క తండ్రితో మాత్రం ఫోనులో మాట్లాడేది. ఆయనా ఈమెతోనే మాట్లాడేవాడు. ఎదురుగా ఉంటే ఇద్దరికీ మాట పెగలదు, ఫోనులో అయితే చెరువు సంగతులన్నీ దొర్లేవి. ఆఖరున ఆయన "ఉంటానమ్మా" అని పెట్టేసేవాడు. మన వైపు ఫోను పెట్టేసేముందు అందరూ అనేదే. వెళ్ళిపోతూ ఉంటానని చెప్పడం ఎంత చిత్రమైన మాటో! నేను కాశీలో ఒక బెంగాలీ ఆయనకి దీని అర్థం చెప్పలేక అరగంట తంటాలు పడ్డాను. సరే, అది వేరే కథ.

డిగ్రీ ఆఖరి ఏడు ఇంటర్న్‌షిప్ చేసి తీరాలి. తోటివాళ్ళు బ్యాంకులకీ బట్టల కొట్లకీ పోయారు. రూబీ ఏలూరులో ఒక సేవాసంస్థ నడుపుకునే చిన్న రేడియో ఎంచుకుంది. ఎందుకమ్మా అని అడిగాను. "రేడియోలో మొహం కనపడదు కదండీ" అంది.

ఆ రేడియో పవర్‌పేట స్టేషన్‌కి దగ్గర్లో ఒక మేడ మీద రెండు గదులు. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించారు, చప్పుడు పీల్చుకోవడానికి. దాన్ని నడిపే శేషగిరిరావు పాతికేళ్ళు పెద్ద రేడియోలో చేసి రిటైరైనవాడు. నా తిరుగుళ్ళ కబుర్లు రికార్డు చేయడానికి అప్పుడప్పుడు పిలుస్తాడు. అలా ఆ పిల్లతో పరిచయం. ఇంటికి తిరిగొచ్చే ప్యాసింజర్ ఇద్దరికీ ఒకటే, అందులోనూ భీమడోలు దాటాక గానీ నాతో మొదటి మాట మాట్లాడలేదు. అది కూడా "సంచి కింద పెట్టుకోండి, జాగా ఉందండి" అని.

మొదటి రోజు శేషగిరిరావు మైకు ముందు కూర్చోబెట్టి పేరు, ఊరు చెప్పమన్నాడు. గొంతు ఎంత పడుతోందో చూపించే గీత కంప్యూటర్ మీద కదల్లేదు.

"ఏవమ్మా, మైకు పాడైందా, ఊరికే పెదాలు కదుపుతున్నావా?"

"చెప్పానండి" అంది రూబీ. అదీ పడలేదు.

ఆయన విసుక్కోలేదు. మూల కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, ఎడిటింగ్ నేర్పాడు. అంటే జనం మాట్లాడినదాన్ని వినదగ్గట్టు సవరించడం. ఆయనకి కొన్ని సూత్రాలున్నాయి. మూడు సెకన్లు మించి మౌనం ఉంటే వినేవాడు వేరే స్టేషన్‌కి పోతాడు. ఆ మౌనానికి ఆయన పెట్టిన పేరు ఉత్తగాలి. ఉత్తగాలి కట్. దగ్గు కట్. గొంతు సవరింపు కట్. "అదేనండి", "మరేనండి" కట్. మాట ఒక్కటే మిగలాలి, బియ్యంలో మెరిక ఏరినట్టు.

రూబీకి ఆ పని పట్టుబడింది. ఎవరి మొహమూ చూడక్కర్లేదు, ఎవరూ తన మొహం చూడరు. తెర మీద మాట కొండల వరసలా కనిపిస్తుంది, మౌనం చెరువు నీళ్ళలా చదునుగా. గొంతు సవరింపు ఎండిన ముళ్ళకంపలా ఉంటుందట, వినకుండానే పోల్చి తీసేసేది. నా నలభై నిమిషాల వాగుడుని పన్నెండు నిమిషాలు చేసింది. విని సిగ్గుపడ్డాను. నేనింత తెలివిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

నెల తిరిగేసరికి పిల్లలో మార్పు వచ్చింది. ఇతరుల గొంతుల్ని అంతసేపు వింటే తన గొంతంటే భయం తగ్గుతుంది కాబోలు. అనౌన్సర్ జ్యోత్స్న పెళ్ళికి సెలవు పెట్టినప్పుడు, పొద్దున్న ఎనిమిది గంటల వాతావరణం, కొల్లేటి నీటిమట్టం చదవడానికి ఎవరూ లేకపోయారు. రూబీ చదివింది. కాగితం చప్పుడు కూడా వినపడింది గానీ చదివింది. ఆఖరున రేడియోవాళ్ళు "సెలవు" అంటారు కదా, ఈ పిల్ల అలవాటుకొద్దీ "ఉంటానండి" అనేసింది.

శేషగిరిరావు తల పట్టుకున్నాడు. "అది ఫోనులో అంటారమ్మా." మర్నాడు మాట దిద్దుకుంది. ఆ మధ్యాహ్నం రేడియోకి నాలుగు ఫోన్లు: ఆ ఉంటానండి పాప ఇవాళ ఎందుకలా అనలేదు, ఒంట్లో బాగుందా అని. అప్పట్నుంచి ఆ మాట ఆ పిల్లదైపోయింది.

ఇంటర్న్‌షిప్ ఆఖర్లో సొంతంగా ఒక కార్యక్రమం చేయాలి. మీ లంక మనిషి ఒకరి గొంతు పట్టుకురా, ఐదు నిమిషాలు మించకూడదు, అన్నాడు శేషగిరిరావు. రూబీకి ఒక్కరే తోచారు. లోకమంతా వేళాకోళం చేసిన తండ్రి మాట లోకం వినాలనేది ఆ పిల్ల కోరిక. మార్కులు కాదు, ఉద్యోగం కాదు. ఆ గొంతు గాలిలోకి వెళ్ళాలి.

కృపానందం మొదట ఒప్పుకోలేదు. ఫోనులో మాట్లాడినట్టేనని బతిమాలితే సరేనన్నాడు. ఫిబ్రవరి ఎండలో గట్టు మీద తాటాకు నీడన కూర్చుని ముప్పై ఒక్క నిమిషాలు మాట్లాడాడు. గొంతు బొంగురుగానే ఉంది. ఆ ఏడు చలికాలం నుంచి అంతే. కానీ చెరువు గట్ల మీద పక్షుల్ని తోలేవాళ్ళలో గొంతు బాగున్నవాడెవడు? ఆ బొంగురు వాళ్ళకి చేతి కాయల్లాంటిది.

ఏ పక్షికి ఏ కేక వేయాలో చెప్పాడు. నీటికాకి మొండిది, బూతులు తిట్టినా లేవదు. గూడకొంగకి మెల్లిగా అరిచినా చాలు, దానికి సిగ్గెక్కువ, మనలాగే, అన్నాడు. తర్వాత గట్టు అటూ ఇటూ చూసి ఒక సంగతి బయటపెట్టాడు. ఒక ముసలి గూడకొంగ ఉంది, ముక్కు కింద సంచి చిరిగిపోయింది, పట్టిన చేపలో సగం జారిపోతాయి. అది దిగితే తాను కేక వేయడు, అటు తిరిగి నిలబడతాడు. "ఎంత తింటదమ్మా పాపం. ఓనరుగారితో అనకే." రేడియో కోసం చెబుతున్నానన్నది మరిచిపోయాడు. మధ్యలో ఒకచోట, "ఎండ తగుల్తాంది నీకు, ఇటు నీడలోకి రా" అన్నాడు. అంతా అయ్యాక, కూతురు మూరెడు దూరంలో ఉండగానే, "ఉంటానమ్మా" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

రూబీ ఆ ముప్పై ఒక్క నిమిషాల్ని రెండు రోజులు కూర్చుని సవరించింది. నేర్చుకున్న విద్యంతా పెట్టింది. ఉత్తగాలి తీసింది. ఎండ మాట తీసింది, వినేవాళ్ళకి దాంతో ఏం పని? చిరిగిన సంచి గూడకొంగ కథ మొత్తం తీసింది, ఓనరు వింటే తండ్రి పని పోతుందని. "ఉంటానమ్మా" తీసింది, చివర్న తన "ఉంటానండి" వస్తుంది కదా, రెండూ గుద్దుకుంటాయని. గొంతు సవరింపులు నలభై ఒకటి. నలభై ఒక్కటీ ముళ్ళకంపలు ఏరినట్టు ఏరి పారేసింది. నాలుగు నిమిషాల నలభై సెకన్లు మిగిలింది.

"ఇదమ్మా సవరణంటే" అన్నాడు శేషగిరిరావు. పాతికేళ్ళలో ఆయన నోట ఆ మాట విన్నవాళ్ళు తక్కువ.

ఆ రేడియోలో ఒక పద్ధతి ఉంది. కంప్యూటర్ పాతది, చోటు చాలదు. ప్రతి శనివారం, పని అయిపోయిన అసలు రికార్డింగులన్నీ తుడిచేస్తారు. శనివారం ఊడుపు అంటారు. ఊడ్చేది ఇంటర్న్. ఆ శనివారం రూబీ ఊడ్చింది.

సోమవారం ప్రసారమైంది. చాలామంది ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. ఇంట్లోవాళ్ళు మాత్రం వినలేదు. ఆ పొద్దున చెరువులో చేపల పట్టుబడి, వలలు లాగుతున్నారు, ఆకివీడు వెళ్ళాల్సిన లారీ ఆగి ఉంది, పాపమ్మకి ఊపిరి తిరగలేదు. కృపానందం సిగ్గుపడి, రేడియో మోగే పాకకి దూరంగా, అవతలి గట్టుకి పోయాడు.

ఈస్టర్ నాటికి ఆయన కేక పోయింది. పక్షులు లేవడం మానేశాయి. పాపమ్మ మిరియాల కషాయం పట్టింది. ఆ తర్వాత మామూలు మాట పోయింది. ఏలూరులో చూసినవాళ్ళు విజయవాడ పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అక్కడ గొంతులోకి గొట్టం పెట్టి చూసిన డాక్టరమ్మ, కూతుర్నీ తల్లినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. క్యాన్సరు, స్వరపేటిక తీసేయాలి. మనిషి ఉంటాడు. మాట ఉండదు.

గొంతులో ఈ ఇబ్బంది ఎన్నాళ్ళనుంచి, మాటిమాటికీ సవరించుకునేవారా, అని ఆవిడ అడిగింది. పక్షుల్ని తోలేవాళ్ళకి అందరికీ ఉండేదేనండి, పట్టించుకోలేదండి, అంది పాపమ్మ.

"ముప్పై ఒక్క నిమిషాల్లో నలభై ఒక్కసార్లండి" అంది రూబీ.

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "లెక్కపెట్టావా?"

"నేనే తీసేశానండి."

ఈ మాట నాతో చెబుతున్నప్పుడు రైలు పూళ్ళ స్టేషన్లో ఆగి ఉంది. శనగలమ్మే ఆవిడ వచ్చి మా మొహాలు చూసి బేరం అడక్కుండానే వెళ్ళిపోయింది. ఒక్కటి విన్నా అనుమానం రావాల్సింది కదండీ, అంటుంది రూబీ. ఒక్కొక్కటే విడివిడిగా విన్నాను, దగ్గర్నుంచి విన్నాను, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో సెకనులో వందో వంతు దాకా చూశాను. నాన్న గొంతని వినలేదండి. చెత్తని విన్నాను.

ఆపరేషన్ ముందు రోజు రికార్డర్ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. ఏదో ఒకటి చెప్పండి నాన్నా, నా పేరైనా పిలవండి, అంది. ఆయన ప్రయత్నించాడు. మెడ నరాలు లేచాయి, పెదాలు కదిలాయి. గీత లేవలేదు. ఉత్తగాలి పడింది.

ఇక మిగిలింది ఆ శనివారం ఊడ్చేసిన అసలు రికార్డింగు. రూబీ మొదటి బస్సుకి ఏలూరు వచ్చి అడిగింది. శేషగిరిరావు కంగారుపడ్డాడు, వయసుమళ్ళినవాడు, ఆలోచించకుండా, "ఆ వారం ఊడ్చిందెవరమ్మా?" అనేశాడు. అనేసరికే ఆయనకి తెలిసిపోయింది. ఆయన ఆ కంప్యూటర్ని స్వయంగా ఆటోలో వేసుకుని రెండు షాపులు తిరిగాడు. ఊడ్చిన చోట ఎప్పుడో వేరేవి రికార్డయిపోయాయన్నారు. అందులో నా కబుర్లు కూడా ఉన్నాయి. కృపానందం మాటల మీద నా మాటలు పడ్డాయి.

నేను తాళపత్రాలు చాలా చూశాను. ఒక ఊళ్ళో ఒక మంచి మనిషి, పాత ఆకులు పాడైపోతున్నాయని శ్రద్ధగా నూనె రాసి శుభ్రం చేయించాడు. అంచుల్లో ఎవరో ఎప్పుడో రాసుకున్న పిల్లల పేర్లు, వానల వివరాలు, అప్పుడే చెరిగిపోయాయి. గ్రంథం మాత్రం తళతళలాడుతోంది. అలాంటి గ్రంథాలు ఇంకో పది ఊళ్ళలో ఉన్నాయి. పిల్లల పేర్లు ఇంకెక్కడా లేవు. ఈ సంగతి రూబీకి చెప్పబోయి మానుకున్నాను. చదువుకున్నవాడి దగ్గర ఓదార్పు ఉంటుందని ఆ పిల్ల అనుకుంది. నా దగ్గర పోలిక ఉంది, అంతే.

కృపానందం ఇంటికి వచ్చాక ఒక ఆదివారం రూబీ ఆ నాలుగు నిమిషాల నలభై సెకన్లూ ఫోనులో పెట్టి వినిపించింది. ఆ రోజు నేనూ వెళ్ళాను. పాపమ్మ తవుడు చేతులు కడుక్కొచ్చి కూర్చుంది. మాటలు మొదలయ్యాయి, చకచకా, ఎక్కడా తడుముకోకుండా, ఉపన్యాసంలా. పాపమ్మ నిమిషం విని కూతురి వంక చూసింది.

"ఎవరే ఈయన?"

"నాన్నే అమ్మా."

"మీ నాన్న ఇంత గబగబా ఎప్పుడు మాట్టాడేరే? మధ్యలో గొంతేదీ?" అని, కొంగుకి చేతులు తుడుచుకుంటూ, "ఆ సవరింపు వినే కదా నేను అన్నం పెట్టేది" అంది. గట్టు దిగి పెరటి దారిన వస్తూ ఆయన గొంతు సవరించుకుంటే ఆవిడ కంచం తీసేదట. ఇరవై రెండేళ్ళు.

రూబీ గోడ వైపు తిరిగింది. కృపానందం మాత్రం కదలకుండా విన్నాడు, మెడలో ఊపిరి కోసం పెట్టిన కన్నానికి అడ్డంగా తెల్లటి గుడ్డ కట్టుకుని. అయిపోయాక నోటుపుస్తకం తీసుకున్నాడు. ఏడో తరగతి రాత, అక్షరం అక్షరం దిద్దినట్టు రాసి కూతురి చేతికిచ్చాడు. నా కంటా పడింది.

ఎంత బాగా చెప్పానమ్మా, అని ఉంది.

ఆ పిల్లకి ఆ మాట తగిలినట్టు ఇంకేదీ తగల్లేదనుకుంటాను. తిడితే భరించేది.

రూబీ ఇప్పుడు ఆ రేడియోలోనే పనిచేస్తోంది. పొద్దున్న ఎనిమిదింటికి ఏలూరు నుంచి కొల్లేటి దాకా వినపడే గొంతు ఆ పిల్లదే. బెదురు లేదు, తడబాటు లేదు. కలెక్టరాఫీసు వాళ్ళని కూడా నిలదీసి ప్రశ్నలడుగుతుంది. ఒకప్పుడు హాజరు పలకలేని పిల్ల అంటే ఎవరూ నమ్మరు. దగ్గులు మాత్రం తీయదు. శేషగిరిరావు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు.

కృపానందం గట్టు మీదే ఉన్నాడు. అరవలేడు కనుక నూనె డబ్బా, కర్రా పట్టుకుని వాయిస్తాడు. మధ్యాహ్నం పన్నెండింటికి కూతురికి ఫోను చేస్తాడు, ఇదివరకటి అలవాటే. ఇప్పుడు మాటలన్నీ ఆ పిల్లవే. తిన్నారా నాన్నా అని తనే అడిగి, తినే ఉంటార్లెండి అని తనే చెప్పుకుంటుంది. ఊపిరి మెడలోంచి సన్నగా ఈల వేసినట్టు వినపడుతూ ఉంటుంది. చిక్కల్లా ఆఖర్న వస్తుంది. ఎప్పుడూ "ఉంటానమ్మా" అని ముగించేది ఆయనే. ఆ మాట తాను అనడానికి రూబీకి నోరు రాదు. రేడియోలో ఊళ్ళవాళ్ళందరికీ రోజూ చెప్పే మాటే. అందుకని ఫోను ఎవరూ పెట్టేయరు. ఆయన దాన్ని జేబులో వేసుకుని పనిలో పడతాడు, ఈ పిల్ల చెవి దగ్గర పెట్టుకుని అన్నం తింటుంది.

ఒక రోజు దాన్ని రికార్డు చేసింది. పదకొండు నిమిషాలు. మొన్న ప్యాసింజర్లో హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టి వినిపించింది. గాలి, అడుగులు, ఈల, డబ్బా మోత. ఏడో నిమిషం దగ్గర డబ్బా ఆగింది. ఎక్కడో నీళ్ళ మీద బరువుగా ఏదో వాలిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు, చాలాసేపు.

నేను ఆగిపోయిందనుకుని హెడ్‌ఫోన్లు తీయబోయాను. రూబీ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండండి. సంచి చిరిగిన కొంగ దిగిందండి" అంది. "అటు తిరిగి నిలబడ్డారు."